పెరటి రంగు చేపల యూనిట్ పెట్టుకునేవారికి నీటి పాఠం: నల్లా నీళ్లకు ఏ యాంటీ క్లోరిన్ కొనాలి, ఎంత వేయాలి?

ఈ పాఠం ఎవరి కోసం?

ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద పెరట్లో రంగు చేపల యూనిట్ పెట్టుకున్నవారికి, పెట్టుకోవాలని అనుకుంటున్న సంఘాల అక్కచెల్లెళ్లకు, చేపలతో పాటు నీటి మొక్కలు కూడా పెంచి అమ్మాలనుకునే యువతకు ఈ పాఠం. ఫోన్‌లో దాచుకోండి. సంఘం మీటింగులో ఒకరు చదివి మిగతావాళ్లకు వినిపించినా సరిపోతుంది.

ముందుగా పథకం గురించి నాలుగు మాటలు

ఈ పథకం 2020లో మొదలైంది. ఇందులో పెరటి రంగు చేపల పెంపకం యూనిట్‌కు లెక్కగట్టిన ఖర్చు 3 లక్షల రూపాయలు. మధ్య తరహా యూనిట్‌కు 8 లక్షలు. మంచినీటి రంగు చేపల్ని పిల్లలు పెట్టించడం, పెంచడం రెండూ ఒకేచోట చేసే సమగ్ర యూనిట్‌కు 25 లక్షలు.

మహిళలకు, ఎస్సీ, ఎస్టీ లబ్ధిదారులకు యూనిట్ ఖర్చులో 60 శాతం, మిగతావారికి 40 శాతం ప్రభుత్వ సాయం ఉంటుంది. పెరటి యూనిట్ లెక్క చూద్దాం.

• మహిళ, ఎస్సీ, ఎస్టీ అయితే: సాయం 1,80,000 రూపాయలు. మీ వాటా 1,20,000.
• మిగతావారైతే: సాయం 1,20,000 రూపాయలు. మీ వాటా 1,80,000.

ఈ వాటాను చాలామంది బ్యాంకు అప్పుగానో, సంఘం అప్పుగానో తెచ్చుకుంటారు. చేపలు బతికితే ఆ అప్పు తీరుతుంది. రంగు చేపల పెంపకంలో కొత్తవాళ్లకు మొదటి దెబ్బ తగిలేది చాలాసార్లు మేత దగ్గరా కాదు, రోగం దగ్గరా కాదు, నీళ్లు మార్చిన రోజే. సాయంత్రం నల్లా పైపు పెట్టి తొట్లు నింపుతారు, తెల్లారేసరికి చేపలు తేలిపోతాయి. అందుకే మేత కంటే, మందుల కంటే ముందు ఈ పాఠం పెట్టాం.

1. నల్లా నీళ్లలో ఏముంటుంది?

మనం తాగే నీళ్లలో సూక్ష్మక్రిములు చావాలని క్లోరిన్ కలుపుతారు. పట్టణంలో జల మండలి కలిపినా, ఊళ్లో మిషన్ భగీరథ నీళ్లయినా, పంచాయతీ ట్యాంకులో బ్లీచింగ్ పౌడర్ వేసినా, పని చేసేది క్లోరినే. తాగునీటికి మన దేశ ప్రమాణం ప్రకారం కుళాయి దగ్గరికి వచ్చేసరికి లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. 1 మిల్లీగ్రాము వరకు అనుమతి ఉంది.

మనిషికి ఇది మంచిదే. కడుపులోకి పోయాక ఆ కాస్త క్లోరిన్ మనల్ని ఏమీ చేయదు. చేప సంగతి వేరు. అది నీళ్లను మొప్పల మీదుగా పోనిచ్చి ఊపిరి తీసుకుంటుంది. మొప్పల పొర చాలా పలచన. క్లోరిన్ ఆ పొరను కాల్చేస్తుంది. మనకు క్షేమమైన 0.2 మిల్లీగ్రాములే చేపపిల్లలకు ప్రమాదం. పెద్ద చేపలు తట్టుకున్నట్టు కనిపించినా మొప్పలు దెబ్బతిని, తర్వాత రోగాలకు లొంగుతాయి.

ఇంకో నష్టం కంటికి కనిపించదు. ఫిల్టర్ స్పాంజిలో, గులకరాళ్లలో మేలుచేసే బాక్టీరియా ఉంటుంది. చేపల విసర్జన నుంచి వచ్చే అమ్మోనియాను అది మార్చి పెడుతుంది. క్లోరిన్ దాన్నీ చంపుతుంది. అప్పుడు చేపలు క్లోరిన్‌తో పోకపోయినా, రెండు మూడు రోజులకు అమ్మోనియా పెరిగి పోతాయి. "నీళ్లు మార్చి మూడు రోజులైంది కదా, ఇప్పుడెందుకు చస్తున్నాయి?" అని అడిగేవాళ్లకు జవాబు ఇదే.

మొక్కలకు మామూలు మోతాదు క్లోరిన్ పెద్దగా హాని చేయదు. కానీ ట్యాంకు కడిగి బ్లీచింగ్ గట్టిగా వేసిన రోజు నీళ్లు పడితే వాలిస్నేరియా, కబొంబా లాంటి సున్నితమైన మొక్కల ఆకులు తెల్లబడి కరిగిపోవచ్చు.

2. మీ నీళ్లు ఏ రకం? ముందు ఇది తేల్చుకోండి

దుకాణానికి వెళ్లే ముందే ఈ ప్రశ్నకు జవాబు ఉండాలి. లేకపోతే అవసరం లేనిది కొంటారు, అవసరమైంది వదిలేస్తారు.

అ) బోరు నీళ్లు: వీటిలో క్లోరిన్ ఉండదు. కాబట్టి యాంటీ క్లోరిన్ అక్కర్లేదు. అయితే భూమి లోపలి నుంచి అప్పుడే వచ్చిన నీళ్లలో ప్రాణవాయువు తక్కువ, బొగ్గుపులుసు వాయువు ఎక్కువ ఉంటుంది. డ్రమ్ములో పట్టి ఒక రోజంతా గాలి పంపు ఆడించాకే వాడండి. బోరు నీళ్లు తెచ్చి పంచాయతీ ట్యాంకులో నింపి బ్లీచింగ్ వేస్తే అవి నల్లా నీళ్ల కిందికే వస్తాయి.

ఆ) నల్లా నీళ్లు, మామూలు క్లోరిన్: మన దగ్గర ఎక్కువగా ఉండేది ఇదే. ఇది గాలికి పోయే రకం.

ఇ) నల్లా నీళ్లు, క్లోరమిన్: క్లోరిన్, అమ్మోనియా కలిస్తే క్లోరమిన్ తయారవుతుంది. కొన్ని దేశాల్లో కావాలనే ఇలా కలుపుతారు, ఎందుకంటే పైపుల్లో ఎక్కువ కాలం నిలుస్తుంది. మన దగ్గర కావాలని కలపకపోయినా, ముడి నీళ్లలో మురుగు చేరి అమ్మోనియా ఉంటే, దానిలో క్లోరిన్ వేసినప్పుడు తనంతట తానే తయారవుతుంది. ఇది గాలికి అంత తేలిగ్గా పోదు.

ఈ) ఆర్వో నీళ్లు: క్లోరిన్ ఉండదు, దాదాపు లవణాలూ ఉండవు. ఉత్త ఆర్వో నీళ్లలో మొక్కలకు కావలసిన కాల్షియం, మెగ్నీషియం దొరకవు. నల్లా నీళ్లతోనో బోరు నీళ్లతోనో కలిపి వాడాలి. ఆర్వో మిషన్ బయటికి వదిలే వృథా నీళ్లలో లవణాలు మరీ ఎక్కువ. వాటిని తొట్లలో పోయొద్దు.

ఎలా పరీక్షించాలి?

జల్ జీవన్ మిషన్ మార్గదర్శకాల ప్రకారం ప్రతి గ్రామంలో ఐదుగురు మహిళలకు నీటి పరీక్ష కిట్ వాడకం నేర్పుతారు. మీ ఊళ్లో ఆ కిట్ ఎవరి దగ్గర ఉందో పంచాయతీ కార్యదర్శిని అడగండి. మిగిలిన క్లోరిన్, పీహెచ్, గట్టిదనం లాంటివి అందులో చూడొచ్చు. పంచాయతీ సిబ్బంది దగ్గర క్లోరోస్కోప్ కూడా ఉంటుంది. గొట్టంలో నీళ్లు తీసుకుని చుక్కలు వేస్తే పసుపు రంగు వస్తుంది. రంగు ముదిరితే క్లోరిన్ ఎక్కువ అన్నట్టు. పరీక్ష చేసిన నీళ్లు విషం, వాటిని తొట్టిలోకి ఒంపొద్దు.

ఒక్కసారి చూసి వదిలేయకండి. ట్యాంకు కడిగిన మర్నాడు, వానాకాలం మొదట్లో, ఊళ్లో విరేచనాలు ప్రబలినప్పుడు బ్లీచింగ్ మోతాదు పెంచుతారు. ఆ రోజుల్లో తప్పకుండా చూడండి.

క్లోరమిన్ ఉందా అని తెలుసుకునే తేలిక పద్ధతి: బకెట్ నిండా నీళ్లు పట్టి, రెండు రోజులు గాలి పంపు ఆడించి, మళ్లీ పరీక్షించండి. రంగు రాకపోతే అది మామూలు క్లోరిన్, పోయింది. రంగు ఇంకా వస్తూనే ఉంటే క్లోరమిన్ అని అనుమానించాలి. ఇనుము ఎక్కువున్న నీళ్లలోనూ పసుపు రంగు రావొచ్చు కాబట్టి, అనుమానం ఉంటే నీటి నమూనాను ప్రయోగశాలకు పంపి తేల్చుకోండి.

3. దుకాణంలో దొరికేవి ఏమిటి? ఏది మనకు పనికొస్తుంది?

అక్వేరియం దుకాణంలో "నీళ్లకు మందు ఇవ్వండి" అని అడిగితే నాలుగైదు సీసాలు ముందు పెడతారు. అన్నీ ఒకటి కాదు. ఈ పాఠం ఏ కంపెనీనీ సిఫారసు చేయదు. సీసా మీద ఏం రాసి ఉందో చదవడం నేర్చుకుంటే చాలు.

మొదటి రకం: ఉత్త యాంటీ క్లోరిన్
ఇందులో ఉండేది సోడియం థయోసల్ఫేట్. దీన్నే హైపో పలుకులు అంటారు. పాత ఫొటో స్టూడియోల్లో వాడిన హైపో ఇదే. క్లోరిన్‌ను నిమిషాల్లో విరిచేస్తుంది. చవక. మామూలు క్లోరిన్ ఉన్న నీళ్లకు ఇది సరిపోతుంది. మొక్కలకు హాని లేదు.
లోపం: క్లోరమిన్‌ను విరిచినప్పుడు అందులోని అమ్మోనియా బయటపడుతుంది. ఆ అమ్మోనియాను ఇది పట్టుకోలేదు.

రెండో రకం: క్లోరిన్, క్లోరమిన్, అమ్మోనియా మూడింటికీ
సీసా మీద ఈ మూడు పేర్లూ ఉంటాయి. బయటపడిన అమ్మోనియాను కొంతసేపు పట్టి ఉంచే పదార్థం ఇందులో ఉంటుంది. మూత తీయగానే గంధకం వాసన రావొచ్చు, అది చెడిపోయిందని కాదు. ధర ఎక్కువ. క్లోరమిన్ ఉన్నవాళ్లకే దీని అవసరం.
ఒక జాగ్రత్త: ఇది వేసిన నీళ్లలో కొన్ని రకాల అమ్మోనియా పరీక్షలు తప్పు చూపిస్తాయి. నెస్లర్ రకం కిట్ కాకుండా సాలిసిలేట్ రకం కిట్ తీసుకోండి.

మూడో రకం: లోహాలను కూడా పట్టేస్తుందని రాసినవి
వీటిలో ఈడీటీఏ లాంటి పదార్థం ఉంటుంది. రాగి, సీసం లాంటి వాటిని కట్టి ఉంచుతుంది. పాత రాగి, ఇత్తడి అమరికల నుంచి నీళ్లు వస్తుంటే ఉపయోగం. కానీ మొక్కల తొట్టిలో మోతాదు మించితే మొక్కలకు కావలసిన సూక్ష్మ పోషకాలనూ కట్టేయొచ్చు. అందుకే మోతాదు దాటొద్దు. మొక్కల ఎరువు అదే రోజు వేయకుండా మర్నాడు వేయండి.

నాలుగో రకం: చేప ఒంటి జిగురు పొరను కాపాడేవి
కలబంద రసం లాంటివి కలుపుతారు. చేపల్ని దూరం నుంచి సంచుల్లో తెచ్చినప్పుడు కొందరు వాడతారు. ప్రతి వారం నీళ్లు మార్చేటప్పుడు దీని అవసరం లేదు. మొక్కలకు దీనితో లాభం లేదు.

ఇవి యాంటీ క్లోరిన్ కావు, వాటి బదులు వాడొద్దు
• మిథైలిన్ బ్లూ (నీలి మందు): ఇది రోగానికి వాడేది. మేలుచేసే బాక్టీరియాను దెబ్బతీస్తుంది, మొక్కలకూ మంచిది కాదు.
• పాచిని చంపే మందు: వీటిలో కొన్నింట్లో రాగి ఉంటుంది. మొక్కలు, నత్తలు, రొయ్యలు దెబ్బతింటాయి.
• ఉప్పు: క్లోరిన్‌ను తీయదు. కొన్ని మొక్కలు ఉప్పుకు వాడిపోతాయి.
• పటిక: బురద పేరుస్తుందే గానీ క్లోరిన్‌ను తీయదు. పైగా పీహెచ్‌ను దించుతుంది.

4. చాలా ముఖ్యం: రెండు "హైపో"లు ఉన్నాయి!

ఇక్కడ పేరు ఒకేలా ఉండటం వల్ల ప్రమాదం ఉంది. కరోనా రోజుల్లో వీధుల్లో పిచికారీ చేసిన ద్రావణం పేరు సోడియం హైపోక్లోరైట్. దాన్నీ చాలామంది "హైపో" అనే పిలిచారు. అది క్లోరినే! తొట్టిలో వేస్తే క్లోరిన్ పోవడం అటుంచి, పదింతలు పెరుగుతుంది. ఒక్క మూతతో తొట్టి మొత్తం ఖాళీ అయిపోతుంది.

మనకు కావలసింది సోడియం థయోసల్ఫేట్. దుకాణంలో "హైపో" అని ఊరుకోకుండా పూర్తి పేరు చెప్పి అడగండి. బిల్లు మీద పూర్తి పేరు రాయించుకోండి. తేడా ఇలా కనుక్కోవచ్చు:

• థయోసల్ఫేట్: పటికబెల్లం పలుకుల్లా తెల్లగా, పారదర్శకంగా ఉంటుంది. వాసన ఉండదు.
• హైపోక్లోరైట్: ద్రావణంగా వస్తుంది. బ్లీచింగ్ పౌడర్ ఘాటు వాసన వస్తుంది.

ఇంకా నమ్మకం కుదరకపోతే, గ్లాసు నల్లా నీళ్లలో చిన్న పలుకు వేసి కరిగించి రెండు నిమిషాలు ఆగండి. తర్వాత క్లోరిన్ పరీక్ష చేయండి. రంగు రాకూడదు. వచ్చిందంటే ఆ పొట్లం తొట్ల దగ్గరికి తేవొద్దు.

5. ఎంత వేయాలి? లెక్క ఇదీ

లీటరు నీళ్లలో ఒక మిల్లీగ్రాము క్లోరిన్‌ను విరచడానికి దాదాపు ఏడు మిల్లీగ్రాముల హైపో పలుకులు కావాలి. ప్రతిసారీ మిల్లీగ్రాములు తూచలేం కదా. అందుకే ముందుగా ద్రావణం చేసి పెట్టుకోండి.

ద్రావణం: 10 గ్రాముల థయోసల్ఫేట్ పలుకులు తూచి, శుభ్రమైన నీళ్లలో (ఆర్వో నీళ్లయితే మేలు) కరిగించి, మొత్తం 100 మిల్లీలీటర్లు చేయండి. గోధుమ రంగు మందు సీసాలో పోసి, పేరు, తేదీ రాసి, పిల్లలకు అందని చోట నీడలో పెట్టండి. ఇందులో ఒక మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాముల హైపో ఉంటుంది. నెలకోసారి కొత్తది చేసుకోండి. అడుగున తెల్లని మడ్డి కనిపిస్తే పారబోయండి.

100 లీటర్ల నల్లా నీళ్లకు ఈ ద్రావణం:
• క్లోరిన్ లీటరుకు 0.2 మి.గ్రా. ఉంటే: 2 మి.లీ.
• 0.5 మి.గ్రా. ఉంటే: 5 మి.లీ.
• 1 మి.గ్రా. ఉంటే: 10 మి.లీ.
• బ్లీచింగ్ గట్టిగా వేసిన రోజు, 2 మి.గ్రా. ఉంటే: 20 మి.లీ.

ఈ అంకెల్లో కాస్త ఎక్కువే కలిపి పెట్టాం. కొంచెం ఎక్కువైనా చేపలకు హాని ఉండదు. అలాగని "ఎంతైనా పర్లేదు" అనుకుని గ్లాసులతో పోయొద్దు. మరీ ఎక్కువైతే నీళ్లలోని ప్రాణవాయువు తగ్గుతుంది.

కొలవడానికి సూది తీసేసిన సిరంజి వాడండి. "రెండు మూతలు", "నాలుగు చుక్కలు" అన్న లెక్కలు వద్దు. ఒక్కో సీసా మూత ఒక్కో సైజులో ఉంటుంది.

తొట్టిలో ఎన్ని లీటర్లు?

పొడవు × వెడల్పు × నీటి ఎత్తు, అన్నీ సెంటీమీటర్లలో గుణించి 1000తో భాగించండి. ఉదాహరణకు 90 × 45 × 40 అయితే 1,62,000. వెయ్యితో భాగిస్తే 162 లీటర్లు. గులకరాళ్లు, మట్టి ఆక్రమించిన చోటుకు పదోవంతు తీసేస్తే సుమారు 145 లీటర్లు.

ఏ నీళ్లకు లెక్క వేయాలి?

ఇక్కడే చాలామంది తికమక పడతారు. డ్రమ్ములో విడిగా మందు కలిపి, తర్వాత తొట్టిలో పోస్తే డ్రమ్ము నీళ్లకే మోతాదు లెక్క వేయండి. నల్లా పైపు నేరుగా తొట్టిలో పెట్టేటట్టయితే తొట్టి మొత్తం లీటర్లకు లెక్క వేసి, నీళ్లు పట్టకముందే వేయాలి. మన సలహా డ్రమ్ము పద్ధతే.

6. వారం వారం చేయాల్సిన పని

మీ యూనిట్‌లో 150 లీటర్ల తొట్లు పది ఉన్నాయనుకుందాం. మొత్తం 1,500 లీటర్లు. వారానికి నాలుగో వంతు మారిస్తే 375 లీటర్లు. అంటే 200 లీటర్ల డ్రమ్ములు రెండు చాలు.

1) నీళ్లు మార్చే ముందు రోజు పొద్దున డ్రమ్ములు నింపండి. ఎండకు కాగిన ట్యాంకు నీళ్లు మధ్యాహ్నం పట్టొద్దు.
2) క్లోరిన్ పరీక్ష చేయండి. అంకె పుస్తకంలో రాయండి.
3) లెక్క ప్రకారం ద్రావణం వేసి కలపండి. 0.5 మి.గ్రా. క్లోరిన్ అయితే ఒక్కో డ్రమ్ముకు 10 మి.లీ.
4) గాలి పంపు పెట్టి రాత్రంతా ఆడనివ్వండి.
5) మర్నాడు మళ్లీ క్లోరిన్ పరీక్ష. రంగు అస్సలు రాకూడదు.
6) తొట్టి నీళ్లు, డ్రమ్ము నీళ్లు ఒకే వేడిలో ఉన్నాయా చూడండి. తేడా రెండు డిగ్రీలు దాటొద్దు.
7) తొట్టిలో నాలుగో వంతు తీసి, కొత్తవి మెల్లగా పోయండి.
8) మొక్కల ఎరువు మర్నాడు వేయండి.
9) ఫిల్టర్ స్పాంజిని నల్లా కింద కడగొద్దు. తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండండి.

కరెంటు లేక, పరీక్ష కిట్ లేక ఇబ్బందైతే? మామూలు క్లోరిన్ నీళ్లను వెడల్పు తొట్టిలో మూత లేకుండా రెండు రోజులు నిల్వ ఉంచితే చాలావరకు పోతుంది. మందు లేకపోయినా ఆగగలిగితే ఇది పైసా ఖర్చు లేని పద్ధతి. క్లోరమిన్‌కు మాత్రం ఇది పనిచేయదు.

7. మొక్కలున్న తొట్టికి ఉన్న లాభం, ఉన్న చిక్కు

మొక్కలు అమ్మోనియాను నేరుగా ఆహారంగా తీసుకుంటాయి. బాగా పెరుగుతున్న నాచు, హైగ్రోఫిలా, వాలిస్నేరియా ఉన్న తొట్టిలో కొద్దిపాటి అమ్మోనియా తేలిగ్గా సర్దుకుంటుంది. కాబట్టి మొక్కలు దట్టంగా ఉండి, మీ నీళ్లలో మామూలు క్లోరినే ఉంటే ఖరీదైన రెండో రకం సీసా అక్కర్లేదు.

చిక్కు పీహెచ్ దగ్గర. అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి విషం, ఇంకోటి దాదాపు హాని లేనిది. 25 డిగ్రీల వేడిలో పీహెచ్ 7 ఉంటే విషరూపం నూటికి ఒక వంతు కూడా ఉండదు. పీహెచ్ 8 అయితే సుమారు ఐదు వంతులు. 8.5 అయితే సుమారు పదిహేను వంతులు. మన ప్రాంతంలో గట్టి నీళ్లు ఎక్కువ, వాటి పీహెచ్ తరచుగా 8 దగ్గర ఉంటుంది. అందుకే గట్టి నీళ్లు, క్లోరమిన్ రెండూ ఉన్నవాళ్లు రెండో రకం సీసాయే కొనాలి. అక్కడ పొదుపు చూడొద్దు.

ఇంకో మాట. ఏ యాంటీ క్లోరిన్ అయినా గట్టి నీళ్లను మెత్తబరచదు, ఫ్లోరైడ్‌ను తీయదు. ఆ పని చేస్తుందని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. గట్టి నీళ్లుంటే ఆ నీళ్లకు నప్పే చేపల్నే ఎంచుకోండి. గప్పీ, మోలీ, ప్లాటీ, స్వార్డ్‌టెయిల్ గట్టి నీళ్లలో చక్కగా పెరుగుతాయి, పిల్లల్నీ పెడతాయి. కొత్తవాళ్లు వీటితో మొదలుపెట్టడమే మంచిది. టెట్రాల లాంటి మెత్తని నీటి చేపలకు తర్వాత వెళ్లొచ్చు.

8. ఏ సీసా చవక? ధర కాదు, లీటరు లెక్క చూడండి

ఉదాహరణకు రెండు సీసాలు అనుకుందాం. (ఇవి లెక్క నేర్చుకోవడానికి వేసిన ధరలే.)

• మొదటిది: 100 మి.లీ., 150 రూపాయలు. 40 లీటర్లకు 5 మి.లీ. వేయాలి. సీసా 800 లీటర్లకు వస్తుంది. లీటరుకు సుమారు 19 పైసలు.
• రెండోది: 100 మి.లీ., 400 రూపాయలు. 200 లీటర్లకు 5 మి.లీ. చాలు. సీసా 4,000 లీటర్లకు వస్తుంది. లీటరుకు 10 పైసలు.

ధర చూస్తే మొదటిది చవక. లెక్క చూస్తే రెండోదే చవక. సీసా మీద ఎన్ని లీటర్లకు ఎన్ని మిల్లీలీటర్లో రాసి లేకపోతే, గడువు తేదీ లేకపోతే కొనొద్దు. యూనిట్ స్థాయిలో వాడేవాళ్లకు విడి థయోసల్ఫేట్ పలుకులు ఇంకా చవక పడతాయి. నలుగురైదుగురు కలిసి కిలో తెచ్చుకుని పంచుకోవచ్చు.

9. అత్యవసరం: చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయి!

నీళ్లు మార్చిన గంటలోపు చేపలు పైకి వచ్చి గాలి కోసం నోళ్లు తెరవడం, అటూ ఇటూ దూకడం, మొప్పలు గబగబా ఆడించడం కనిపిస్తే ముందు క్లోరిన్‌నే అనుమానించండి.

• వెంటనే తొట్టి మొత్తం లీటర్లకు లెక్క వేసి థయోసల్ఫేట్ ద్రావణం వేయండి. క్లోరిన్ అంకె తెలియకపోతే 100 లీటర్లకు 10 మి.లీ.
• గాలి పంపు పూర్తిగా పెట్టండి. కరెంటు లేకపోతే చెంబుతో నీళ్లు ముంచి పైనుంచి పోస్తూ ఉండండి.
• ఆ రోజు మేత వేయొద్దు.
• మళ్లీ నల్లా నీళ్లు పట్టొద్దు. భయంతో ఇంకో సగం మార్చడమే ఎక్కువ నష్టం చేస్తుంది.
• తర్వాత మూడు రోజులు అమ్మోనియా చూస్తూ ఉండండి.

10. తరచూ అడిగే ప్రశ్నలు

ప్ర: వీటి ఖర్చు పథకంలో వస్తుందా?
జ: ప్రాజెక్టు నివేదిక రాయించేటప్పుడే నీటి డ్రమ్ములు, గాలి పంపులు, పరీక్ష కిట్లు, యాంటీ క్లోరిన్ ఖర్చు విడిగా చూపించమనండి. ఏయే అంశాలు ఆమోదిస్తారో జిల్లా మత్స్యశాఖ కార్యాలయంలో ముందే అడగండి. బిల్లులన్నీ దాచండి. తనిఖీకి వచ్చినప్పుడు చూపించాలి.

ప్ర: దరఖాస్తుకు ఏం తీసుకెళ్లాలి?
జ: ఆధార్, బ్యాంకు పాస్‌బుక్, స్థలం కాగితాలు లేదా లీజు పత్రం, వర్తిస్తే కుల ధ్రువీకరణ పత్రం, ప్రాజెక్టు నివేదిక. ఇంకేమైనా కావాలా, ఈ ఏడాది మీ జిల్లాకు యూనిట్లు ఉన్నాయా అని జిల్లా మత్స్యశాఖ అధికారి కార్యాలయంలోనే కనుక్కోండి. "నేను మంజూరు చేయిస్తా" అని డబ్బు అడిగే దళారులను నమ్మొద్దు.

ప్ర: బోరు నీళ్లకు కూడా అలవాటుగా యాంటీ క్లోరిన్ వేస్తున్నాం. పర్లేదా?
జ: క్లోరిన్ లేని నీళ్లలో వేస్తే ప్రయోజనం లేదు. డబ్బు దండగ. ఆ డబ్బుతో పీహెచ్, అమ్మోనియా కిట్ కొనుక్కోండి.

ప్ర: తొట్టి నీళ్లు తేటగా ఉన్నాయి. అయినా పరీక్ష చేయాలా?
జ: చేయాలి. క్లోరిన్‌కు, అమ్మోనియాకు రంగు ఉండదు. తేట నీళ్లలోనే చేపలు చస్తాయి.

తొట్టి గది గోడ మీద రాసి పెట్టుకోవాల్సిన ఐదు మాటలు

1. నల్లా పైపు నేరుగా తొట్టిలో పెట్టొద్దు. డ్రమ్ము, మందు, గాలి, పరీక్ష, ఆ తర్వాతే తొట్టి.
2. థయోసల్ఫేట్ వేరు, హైపోక్లోరైట్ వేరు.
3. సిరంజితో కొలవాలి. అంకె పుస్తకంలో రాయాలి.
4. ట్యాంకు కడిగిన రోజు, వానాకాలం మొదట్లో మోతాదు మళ్లీ లెక్క వేయాలి.
5. స్పాంజి నల్లా కింద కడగొద్దు.

సందేహాలుంటే మీ మండలానికి చూసే మత్స్యశాఖ సిబ్బందిని కలవండి. వెళ్లేటప్పుడు మీరు రాసిన నీటి పుస్తకం కూడా తీసుకెళ్లండి. అంకెలు చూస్తే వాళ్లు సరైన సలహా ఇవ్వగలుగుతారు. ఈ పాఠాన్ని మీ సంఘం గ్రూపులో పంపండి, ముఖ్యంగా ఈ నెలలో కొత్తగా తొట్లు నింపబోయేవారికి.